కాగితం గ్లాసు

అతన్ని అందరూ సూది అని పిలిచేవాళ్ళు. రక్తపరీక్షల ల్యాబులో పని. పొద్దున ఆరున్నరకల్లా తెల్లకోటు తొడుక్కుని, ఖాళీ కడుపులతో వరసగా కూర్చున్నవాళ్ళ చేతులకు రబ్బరు పట్టీ బిగించి, నరం వెతికి రక్తం తీసేవాడు. నరం దొరకని ముసలివాళ్ళూ, సిరంజి చూడగానే గుక్కపట్టే పిల్లలూ అతని బల్ల దగ్గరికే వచ్చేవాళ్ళు. "ఆ సన్నటి అబ్బాయి తీస్తే తీసినట్టే ఉండదు" అని బయట బెంచీల మీద ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు.

మూడు నెలలకోసారి మాత్రం అతను తన చెయ్యి ఇంకొకరి ముందు చాపేవాడు. ఊరికి ఆ కొసన, పెద్దాసుపత్రి వెనకవైపు, హెచ్.ఐ.వి. పరీక్షలు చేసే రెండు గదుల కేంద్రం ఒకటుంది. తన ల్యాబులోనే చేయించుకోవచ్చు గానీ అక్కడ రసీదులు రాసే అమ్మాయి నోట్లో నువ్వుగింజ నానదు. అందుకని రెండు బస్సులు మారి అంత దూరం పోయేవాడు. అయిదేళ్ళ కిందట మొదటిసారి వెళ్ళినప్పుడు భయమేసింది. తరవాత తరవాత అలవాటైపోయింది. అక్కడి కౌన్సెలరు నడివయసు మనిషి. కళ్ళజోడు ముక్కు చివరికి జారుతుంటే వేలితో పైకి తోసుకుంటూ, అడగవలసినవన్నీ మొహమాటం లేకుండా అడిగేది. విన్నాక కనుబొమ్మ కూడా ఎగరేసేది కాదు. ఆ ఒక్క గుణానికే అతను ఆమెను గౌరవించేవాడు.

"మగవాళ్ళను ఇష్టపడే మనలాంటివాళ్ళకి ఇది పళ్ళు తోముకోవడం లాంటిది అన్నా. రోగం ఉందని కాదు, ఉంటే ముందే తెలియడానికి" అని సూది, పెద్దన్న గదిలో అందరి ముందూ చెబుతుండేవాడు.

పెద్దన్న అంటే వరసకు అన్న కాదు. నలభై దాటినవాడు, కిటికీ పరదాలు కుట్టేవాడు. రెండు మిషన్లూ, గుడ్డల మూటలూ పోగా మిగిలిన జాగాలో ఒక చాప పరిచేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు అయిదారుగురు కుర్రవాళ్ళు ఆ చాప మీద చేరేవాళ్ళు. ఇళ్ళలో నోరు కట్టుకుని బతికేవాళ్ళందరికీ నోరు విప్పడానికి ఊరు మొత్తం మీద ఆ గది ఒక్కటే. మారుపేర్లు పెట్టింది కూడా పెద్దన్నే. సూదికి సూది అనీ, చొక్కా జేబులో ఎప్పుడూ దువ్వెన పెట్టుకు తిరిగే మంగలికి దువ్వెన అనీ.

సూదీ దువ్వెనా ఒకరికొకరు దొరికి రెండేళ్ళయింది. క్షవరానికి వెళ్ళాడు సూది. "తల కొంచెం వంచండి" అంటూ మెడ మీద రెండు వేళ్ళు ఆనించాడు దువ్వెన. క్షవరం అయిపోయినా ఆ వేళ్ళు ఇంకా అక్కడే ఉన్నట్టు రెండు రోజులు అనిపించింది. మూడోరోజు వెళ్ళి గడ్డం గీయించుకున్నాడు. నాలుగో రోజు మళ్ళీ వెళితే, "ఇంక గీయడానికి నీ మొహాన ఏమీ లేదు. టీ తాగుదాం పద" అన్నాడు దువ్వెన.

అలా మొదలైంది. ఇద్దరూ జాగ్రత్తగానే ఉండేవాళ్ళు. సూది ఆ విషయంలో రాజీ పడేవాడు కాదు. కానీ పరీక్షకు రమ్మంటే మాత్రం దువ్వెన ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు.

"ఆ మేడమ్‌కీ నీకూ ఏదో సంబంధం ఉందిరా. క్రమం తప్పకుండా కలుస్తున్నావు" అని నవ్వేసేవాడు. ఒకసారి సూది నవ్వలేదు. అప్పుడు దువ్వెన కూడా నవ్వు ఆపి, ఉన్నమాట చెప్పాడు.

"నీకేం, నువ్వు ల్యాబువాడివి. నిన్ను అక్కడ ఎవరైనా చూసినా పని మీద వచ్చాడనుకుంటారు. నా చేతిలో ఏముంటుందో తెలుసుగా. కత్తి. పొద్దుట నుంచి సాయంత్రం దాకా జనం గొంతులు నా చేతికిచ్చి కళ్ళు మూసుకుంటారు. ఆ గది గుమ్మంలో నన్ను ఒక్కడు చూస్తే చాలు, రేపటి నుంచి నా కుర్చీలో ఈగ కూడా వాలదు."

"మనిషికో కొత్త బ్లేడు వేస్తావు కదరా. అందులో భయమేముంది?"

"ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. జనానికి చెప్పు, చూద్దాం."



చలికాలంలో దువ్వెనకు దగ్గు పట్టుకుంది. జలుబు దగ్గన్నాడు. వెంట్రుకలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, మా వృత్తిలో అందరికీ ఉండేదే అన్నాడు. బెల్టుకు మేకుతో ఒక కొత్త రంధ్రం పొడుచుకున్నాడు. నెల తిరక్కుండా ఇంకోటి. ఒకరోజు ఆవలించినప్పుడు నాలుక మీద పెరుగు మరకల్లాంటి తెల్లటి పూత కనపడింది.  ఆ పూత ఏమిటో సూదికి తెలుసు. తెలిసి కూడా రెండు వారాలు నోరెత్తలేదు. ఊళ్ళోవాళ్ళ రక్తంలో ఏముందో చదివి చెప్పేవాడు, తనవాడి నాలుక మీద రాసి ఉన్నదాన్ని చదవనట్టే నటించాడు.

చివరికి ఒక సాయంత్రం అడిగాడు. "నాకోసం రారా. ఒక్కసారి."

"అంటే నన్ను అనుమానిస్తున్నావా?"

"అనుమానం కాదు. నువ్వు చిక్కిపోతున్నావు. నేను చూడలేకపోతున్నాను."

దువ్వెన గోళ్ళు చూసుకుంటూ, "లోపలికి ఇద్దరం విడివిడిగా వెళదాం" అన్నాడు.

కేంద్రంలో ఒకరికొకరు తెలియనట్టు ఈ బెంచీ మీద ఒకడూ ఆ బెంచీ మీద ఒకడూ కూర్చున్నారు. ఇద్దరి రక్తం తీశారు. గంట తరవాత కౌన్సెలరు దువ్వెనను పిలిచింది. తలుపు మూసుకుంది. పది నిమిషాలకు మళ్ళీ తెరుచుకుంది. ఆమె సూది వైపు చూసి, "మీరు కూడా రండి. ఆయన పిలవమంటున్నారు" అంది.

లోపల దువ్వెన కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. సూదిని చూడగానే ఆమెతో, "వీడి సంగతేంటి మేడమ్?" అన్నాడు.

తనకు ఉందని తెలిశాక అతను అడిగిన మొదటి ప్రశ్న అదేనని కౌన్సెలరు తరవాత చెప్పింది.

"ఆయనకు ఇవాళ లేదనే వచ్చింది. జాగ్రత్తగా ఉన్నారు కాబట్టి ఉండకపోవచ్చు కూడా. అయినా మూడు నెలలు ఆగి మళ్ళీ ఒకసారి చూడాలి. ఈమధ్యే సోకి ఉంటే ఇప్పుడే బయటపడదు" అందామె. తరవాత మందుల గురించి నింపాదిగా, ఒకటికి రెండుసార్లు చెప్పింది. రోజుకో మాత్ర. మానకుండా వేసుకుంటే అందరిలాగే బతకొచ్చు, పని చేసుకోవచ్చు, ముసలివాడు కావచ్చు. కొన్నాళ్ళకు రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గిపోతే, ఇంకొకరికి అంటదు కూడా. "కాస్త ఆలస్యంగా వచ్చారు. కానీ మించిపోలేదు" అంది.

బయట, గోడ నీడన నిలబడి దువ్వెన అన్నాడు, "మూడు నెలలంటే ఎన్ని రోజులురా?"

"తొంభై."

"ఈ తొంభై రోజులూ నాకు నిద్ర పట్టదు."

"నాకేం కాదురా."

"ఒక్క మాటివ్వు. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. అన్నకి కూడా వద్దు."

సూది మాటిచ్చాడు. చేతిలో చెయ్యేసి మరీ ఇచ్చాడు.

మొదటి మూడు వారాలు బాగానే నడిచాయి. మాత్ర వేసుకున్నాక తల తిరుగుతోందని దువ్వెన గోడ పట్టుకుని నడిచేవాడు. కలల్లో ఎవరెవరో వచ్చి క్షవరం చేయమంటున్నారని చెప్పి నవ్వేవాడు. డబ్బా మీది కాగితం గోరుతో గీకేసి, మాత్రల్ని ఖాళీ క్రీము డబ్బాలో పోసుకున్నాడు. నాలుక శుభ్రపడింది. అన్నం సయించింది. ఒక పూట రెండోసారి వడ్డించుకుంటే, సూది వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు.

కానీ సూదికి ఆ రహస్యాన్ని మోయడం చేతకాలేదు. పగలల్లా ల్యాబులో నవ్వుమొహం పెట్టడం, సాయంత్రం దువ్వెన దగ్గర ధైర్యం నటించడం, ఒంటరిగా ఉన్నప్పుడు మెడ కింద గడ్డలున్నాయేమో తడుముకోవడం. ఇంట్లో ఉన్న అన్నావదినలకు చెప్పుకునే సంగతి కాదు. ఒక మధ్యాహ్నం పెద్దన్న గదికి వెళ్ళాడు. పెద్దన్న నీలం పరదాకు అంచు కుడుతున్నాడు. మిషను చప్పుడు ఆపి, "ఏరా, మొహం అలా ఉందేం?" అన్నాడు. ఆ ఒక్క మాటకే సూది కట్ట తెగినట్టు ఏడ్చేశాడు. ఏడుస్తూ అంతా చెప్పేశాడు.

"ఎవరికీ చెప్పకన్నా" అన్నాడు చివర్లో.

"నా కడుపులో పెట్టుకుంటాను" అన్నాడు పెద్దన్న. చెయ్యి మాత్రం మిషను చక్రం మీదే ఉంచాడు. మామూలుగా అయితే ఈపాటికి భుజం మీద వేసేవాడు. సూది గమనించలేదు, గుండె బరువు దిగిన హాయిలో ఉన్నాడు.

ఆదివారం వచ్చింది. చాప మీద అయిదుగురున్నారు. కొరియర్ కంపెనీలో పనిచేసే కుర్రాడు ఎవరి నడకనో అనుకరించి నవ్విస్తున్నాడు. పెద్దన్న స్టవ్వు దించి టీ వడకట్టాడు. ఆ గదిలో ఎప్పుడూ ఉండేవి స్టీలు గ్లాసులే. అంచులు చొట్టపోయిన ఆరు గ్లాసులు, ఏది ఎవరిదన్న పట్టింపు ఉండేది కాదు. ఆ రోజు పెద్దన్న అయిదు స్టీలు గ్లాసుల్లో పోసి, మిషను సొరుగులోంచి ఒక కాగితం గ్లాసు తీశాడు. అందులో పోసి, దాన్ని చేతికివ్వకుండా నేల మీద పెట్టి, దువ్వెన వైపు జరిపాడు.

ఆరో గ్లాసు గూట్లో బోర్లించి ఉంది. అందరికీ కనపడుతూనే ఉంది.

కొరియర్ కుర్రాడు మాట మధ్యలో ఆపేశాడు. దువ్వెన ఆ గ్లాసును చూశాడు. తల ఎత్తి పెద్దన్నను చూడలేదు, గదిలో ఎవరినీ చూడలేదు. తిన్నగా సూది కళ్ళలోకి చూశాడు.

సూదికి తెలుసు. గ్లాసులతో అంటదు, చేతులతో అంటదు, పక్కన కూర్చుంటే అంటదు. ఆ మాట పదిమందికి చెప్పడమే అతని ఉద్యోగంలో సగం. గట్టిగా అనక్కర్లేదు. తన గ్లాసు దువ్వెనకిచ్చి ఆ కాగితం గ్లాసు తను తీసుకుంటే చాలు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. కానీ అలా చేస్తే వీళ్ళంతా నన్ను కూడా అలాగే చూస్తారు అన్న ఆలోచన ఒక్కటి మెరుపులా వచ్చింది. ఆ ఒక్క క్షణం ఆగాడు. ఆగడమే అతను చేసింది. స్టీలు గ్లాసు నోటికానించుకుని ఒక గుక్క తాగాడు.

దువ్వెన కూడా తాగాడు. మొత్తం తాగి, ఖాళీ గ్లాసును నలిపి జేబులో వేసుకుని, "పనుందన్నా, వస్తా" అని లేచాడు.

సూది వీధిలో పరిగెత్తి అందుకున్నాడు. ఇద్దరూ ఒక తాళం వేసిన గిడ్డంగి పక్కన నిలబడ్డారు.

"ఒక్కడికే చెప్పానురా. భరించలేక చెప్పాను."

"చెప్పినందుకు కాదు." దువ్వెన గొంతు పెంచలేదు. "చెప్పకుండా ఉండలేకపోయావు, సరే. నేనైనా ఎవరికో ఒకరికి చెప్పుకునేవాణ్ణేమో. అక్కడ కూర్చుని తాగావు చూడు. నువ్వు కూడా తాగావు."

"నేను..."

"నా ఒంట్లో ఏముందో అందరికంటే నీకే బాగా తెలుసు కదరా. తెలిసినవాడివే అలా కూర్చుంటే, తెలియనివాళ్ళని నేనేమనను?"

సూది చెయ్యి పట్టుకోబోయాడు. దువ్వెన విడిపించుకోలేదు గానీ, పట్టుకున్న చేతిలో ప్రాణం లేదు.

పెద్దన్న కడుపులో పెట్టుకుంటానన్న మాట నాలుగు రోజులు కూడా ఆగలేదు. అక్కడి నుంచి ఎవరి చెవిన పడి ఎవరి నోట వచ్చిందో గానీ, పది రోజుల్లో సెలూన్ ఓనరుకు చేరింది. అతను చెడ్డవాడేమీ కాదు. దువ్వెనను పక్కకు పిలిచి, "నీ మీద నాకేం కోపం లేదయ్యా. నీ పనితనం నా దగ్గర ఇంకెవడికీ లేదు. కానీ ఇది కత్తితో పని. నా పరిస్థితి కూడా ఆలోచించు" అన్నాడు. అతని దువ్వెనలూ కత్తెర్లూ అప్పటికే ఒక సంచిలో వేసి కట్టి ఉంచాడు.

ఆ మర్నాడు సూది ల్యాబులో ఉండగా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. "అక్క దగ్గరికి పోతున్నా. నన్ను వెతకొద్దు." దువ్వెన గదికి పరిగెత్తేసరికి తాళం వేసి ఉంది. ఫోను చేస్తే మోగింది, ఎత్తలేదు. వారం రోజులు అలాగే మోగింది. తరవాత సూది కూడా చేయడం తగ్గించాడు. ఏ మొహం పెట్టుకుని చేస్తాడు?

తొంభయ్యో రోజున కేంద్రానికి వెళ్ళాడు. లేదని వచ్చింది. ఇంక భయపడక్కర్లేదని కౌన్సెలరు చెప్పింది. "ఆయన మందులకు రావడం లేదు. వేరే ఊరికి మార్పించుకుంటే చీటీ రాసిస్తాను, చెప్పండి" అంది. చెబుతానన్నాడు. బయటికొచ్చి ఫోను తీసి, "నాకు లేదురా, మూడు నెలలైంది, లేదని వచ్చింది" అని రాశాడు. చదువుకుంటే సిగ్గేసింది. వాడు ఉద్యోగం పోయి, ఊరు వదిలి, రోగంతో అక్కడెక్కడో పడి ఉంటే, నాకేం కాలేదోచ్ అని చాటింపు వేయడమా? పుండు మీద కారం చల్లినట్టుంటుందనుకున్నాడు. రాసినదంతా తుడిపేసి, మందుల చీటీ సంగతి మాత్రం రాసి పంపాడు. జవాబు రాలేదు.

మరో రెండు నెలలకు, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆడమనిషి గొంతు.

"సూది అంటే నువ్వేనా బాబూ? మా తమ్ముడి ఫోన్లో ఆ పేరే ఉంది. వాడికి ఒంట్లో బాగాలేదు. ఆసుపత్రిలో ఉన్నాం. ఒకసారి వస్తావా?"

ఆరు గంటల ప్రయాణం. వార్డులో ఆ కొసన మంచం. పక్కనున్న రెండు మంచాలు ఖాళీ. అవి ఖాళీ అయ్యాయా, ఖాళీ చేశారా అని అడగలేదు సూది. మంచం మీద ఉన్నది తన దువ్వెన అని గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణానికి తనను తాను ఎప్పటికీ క్షమించుకోలేకపోయాడు. క్షయ మెదడు దాకా పాకిందని డాక్టరు చెప్పాడు. మాట పడిపోయింది. కుడిచెయ్యి కదలదు. కళ్ళు అప్పుడప్పుడు తెరుస్తాడు.

అక్క బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేస్తుంది. సెలవు పెట్టి ఎనిమిది రోజులుగా అక్కడే ఉంది. వరండాలో కూర్చుని, గోడకేసి చూస్తూ చెప్పింది.

"మా ఆయన మొదటిరోజు వచ్చాడు. మంచానికి కట్టిన చీటీ చదివి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. నాకు ఏమీ తెలియదు బాబూ. తెచ్చుకున్న మాత్రలు ఒక నెల వేసుకున్నట్టున్నాడు. క్రీము డబ్బాలో ఉంటే క్రీమే అనుకున్నాను. మా ఊళ్ళో ఆ మందులిచ్చే గదిలో కూర్చునేది మా ఆడపడుచు మొగుడే. మావాడు గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవాడట. అక్కడి వాచ్‌మన్ చెప్పాడు నిన్న. మూడుసార్లు వచ్చాడమ్మా, లోపలికి రాలేదు అని. నా పరువు కోసం, బాబూ. నా కాపురం కోసం."

సూది తల వంచుకుని వింటున్నాడు.

"ఇంకోటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఫోను పట్టుకుని కూర్చునేవాడు. క్యాలెండరు మీద గోటితో గీతలు గీసేవాడు. ఏమిట్రా అంటే, ఒకడి పరీక్ష ఫలితం రావాలక్కా అనేవాడు. రోజులు దాటిపోయాక, వాడు చెప్పలేదంటే వాడికి కూడా వచ్చేసిందక్కా, నావల్లే వచ్చేసింది అని గోడకి తల ఆనించి ఏడ్చాడు. అప్పుడు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ తరవాత వాడు తిండి కూడా సరిగ్గా తినలేదు. ఆ పరీక్ష నీదేనా?"

సూది తల ఊపాడు.

"నీకు వచ్చిందా మరి?"

"లేదక్కా."

ఆమె కళ్ళు మూసుకుంది. "అయ్యో" అంది, చాలా మెల్లిగా. తరవాత, "వెళ్ళి చెప్పు వాడికి. వినపడుతుందేమో" అంది.

సూది గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళూ, సబ్బూ, కొత్త బ్లేడూ తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాడు. దువ్వెన గడ్డం చిందరవందరగా పెరిగిపోయి ఉంది. దాన్నే వాడు అన్నిటికంటే ఎక్కువగా అసహ్యించుకునేవాడు. నర్సు దూరం నుంచి, "గ్లవ్స్ వేసుకోండి" అంది. "మొహానికి సబ్బు రాయడానికి గ్లవ్స్ ఎందుకు సిస్టర్" అన్నాడు సూది. ఒట్టి చేతులతోనే నురగ పట్టించాడు. బుగ్గలు లోపలికి పోయి ఎముకలు తగులుతున్నాయి. వేలమంది చేతుల్లో నరం వెతికి పట్టుకున్న వేళ్ళకు ఈ పని కొత్త. బ్లేడు అడ్డంగా లాగబోతే, దువ్వెన ఎడమచెయ్యి దుప్పటి మీద కొంచెం లేచింది. చూపుడువేలు పైనుంచి కిందికి ఒక గీత గీసింది. అలా కాదు, ఇలా.

"సరేరా, ఇలాగే" అన్నాడు సూది. ఆ వేలు చెప్పినట్టే గీశాడు. అయ్యాక తడిగుడ్డతో తుడిచి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు.

"నాకు లేదురా. తొంభయ్యో రోజునే చూపించుకున్నా. నీవల్ల నాకేమీ రాలేదు. నీకు ఆ రోజే చెప్పాల్సింది. ఆ ఆదివారం కూడా... అక్కడ కూడా నేనే..."

 దువ్వెన కళ్ళు మూసుకునే ఉన్నాయి. ఎడమచేతి వేళ్ళు సూది మణికట్టు మీద ఉన్నాయి. కాస్త బిగిసినట్టు అనిపించింది. నిజంగా బిగిశాయో, తనకు కావాలి కాబట్టి అలా అనిపించిందో ఇప్పటికీ చెప్పలేడు.

మూడోరోజు పట్టపగలు, అక్క మందులకని కిందికి వెళ్ళినప్పుడు పోయాడు. సూది చెయ్యి పట్టుకునే ఉన్నాడు. నాడి ఎప్పుడు ఆగిందో అతనికి తెలుసు. అక్క వచ్చేదాకా ఎవరినీ పిలవలేదు.

చివరి పనులకు నలుగురే వచ్చారు. బావ రాలేదు. అన్నీ అయ్యాక అక్క అతన్ని బస్సు దాకా దిగబెట్టింది.

"మావాళ్ళు అడిగితే మా తమ్ముడి స్నేహితుడని చెప్పాను" అంది. "నాకు తెలుసు బాబూ. నాకు ఆ మాటే వచ్చు, అందుకని అలా చెప్పాను."

తిరిగి వచ్చాక సూది ఆదివారాలు తన గదిలోంచి కదల్లేదు. పనికి మాత్రం వెళ్ళేవాడు. నెలన్నర తరవాత ఒక మధ్యాహ్నం, బెంచీలు ఖాళీగా ఉన్నప్పుడు పెద్దన్న ల్యాబుకు వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"నన్ను అక్కడికి తీసుకెళ్ళరా."

"ఎక్కడికి?"

"నువ్వు వెళ్ళే చోటికి. పదకొండేళ్ళయింది నేను చూపించుకుని. ఈ మధ్య దగ్గు వస్తోంది. నిద్ర పట్టడం లేదు." తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "ఆ రోజు వాడంటే అసహ్యమేసి కాదురా నేనలా చేసింది. వాణ్ణి చూస్తే నన్ను నేను చూసుకున్నట్టయింది. భయమేసింది."

సూదికి తిట్టడానికి నోటి నిండా మాటలున్నాయి. కానీ ఆ భయం తనకు కొత్తది కాదు. ఒక గుక్క టీతో తను కూడా మింగినదే.

"సోమవారం పొద్దున తొమ్మిదికి" అన్నాడు. "ఆలస్యం చేయకు."

సోమవారం ఇద్దరూ రెండు బస్సులు మారి వెళ్ళారు. ఒకే బెంచీ మీద కూర్చున్నారు. పెద్దన్న మోకాళ్ళు అదురుతుంటే సూది వాటి మీద చెయ్యి వేశాడు. ప్రేమతో కాదు, వేయకపోతే లేచి పారిపోయేలా ఉన్నాడని. కౌన్సెలరు సూదిని చూసి, "ఆయన ఎలా ఉన్నారు? చీటీ కోసం రాలేదే?" అని అడిగింది.

"పోయాడు మేడమ్."

ఆమె కళ్ళజోడు తీసింది. అతని భుజం తట్టి పెద్దన్నను లోపలికి తీసుకెళ్ళింది.

గంట తరవాత పెద్దన్న బయటికొచ్చాడు. ముఖం ఉబ్బి ఉంది. "లేదురా. నాకు లేదు. దగ్గు మామూలు దగ్గేనట" అంటూ సూది భుజం మీద వాలిపోయి, నవ్వుతూ ఏడుస్తూ ఊగిపోయాడు. సూది కదలకుండా నిలబడ్డాడు. ఓదార్చడానికి చెయ్యి లేవలేదు. వాడికి కూడా ఈ మాటే చెప్పి ఉంటే అన్న ఒక్క ఆలోచనే తిరుగుతోంది తలలో. వాడు ఇలాగే ఏడ్చి ఉండేవాడు. తన కోసం కాదు, నాకోసం.

తిరుగు బస్సులో పెద్దన్న దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. ఇకనుంచి మూడు నెలలకోసారి వస్తాననీ, కొరియర్ కుర్రాణ్ణి కూడా తీసుకొస్తాననీ, వచ్చే ఆదివారమే అందరికీ చెబుతాననీ. "మంచిది" అన్నాడు సూది. నిజంగానే మంచిది. ఆ మాట మనసారా అన్నాడు. అని, తన స్టాపుకు ఇంకా రెండు స్టాపులు ఉండగానే దిగిపోయాడు.

కొంత దూరం నడిచాడు. ఆపైన నడవలేక, మూసి ఉన్న ఒక చెప్పుల దుకాణం మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగానే మొహం దాచుకోకుండా ఏడ్చాడు.